ఆఫీసు సందేశాలకూ డ్యూటీ పట్టిక ఉండాలి



మీ ఇంట్లో ఎవరైనా పెద్ద కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఉంటే, వారి ఫోనులో స్లాక్, టీమ్స్ వంటి యాప్‌లు మీరు చూసే ఉంటారు. ఇవి సంస్థ లోపల నడిచే ఫేస్‌బుక్, వాట్సాప్ వంటివి. వీటి గురించి వైద్యుడు రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. నిద్రతోనూ, గుండెతోనూ వీటికి సంబంధం ఉన్నది కనుక రాస్తున్నాను.

ముందుగా వీటి మేలు చెప్పుకోవాలి. వేలాది మంది పనిచేసే సంస్థలో ఒక సందేహానికి సమాధానం ఎవరి దగ్గర ఉందో తెలియడమే కష్టం. హైదరాబాదులో అడిగిన ప్రశ్నకు వేరే దేశంలోని సహోద్యోగి జవాబిస్తాడు. ఆ జవాబు తరువాత చేరినవారికీ ఉపయోగపడుతుంది. కరోనా కాలంలో ఇళ్లకే పరిమితమైన ఉద్యోగులను కలిపి ఉంచినవీ ఇవే. 2012లో మైక్రోసాఫ్ట్ సంస్థ యామర్ అనే ఇటువంటి వేదికను 120 కోట్ల డాలర్లకు కొన్నదంటే, దీని విలువను వ్యాపార ప్రపంచం ఎంతగా గుర్తించిందో ఊహించవచ్చు.

2011లో ఫ్రాన్సుకు చెందిన అటోస్ సంస్థ అధిపతి థియరీ బ్రెటన్, మూడేళ్లలో సంస్థ లోపలి ఈమెయిళ్లను పూర్తిగా మాన్పిస్తామని ప్రకటించారు. వాటి స్థానంలో అంతర్గత సామాజిక వేదికను ప్రోత్సహించారు. ఉద్దేశం మంచిదే. కానీ ఈమెయిలు పోయి గ్రూపు సందేశం వచ్చినంత మాత్రాన మనిషి మీద పడే భారం తగ్గదు. ఈమెయిలుకు మర్నాడు జవాబిచ్చినా సరిపోయేది. ఇక్కడ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూ ఉంటుంది. కొన్ని యాప్‌లలో సందేశం చూశాడో లేదో కూడా అవతలివారికి తెలిసిపోతుంది.

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన వైద్యులందరికీ ఆన్‌కాల్ రాత్రి ఎలా ఉంటుందో తెలుసు. పిలుపు రాకపోయినా గాఢనిద్ర పట్టదు. పిలుపు రావచ్చుననే ఎదురుచూపు చాలు, శరీరం అప్రమత్తంగానే ఉంటుంది. అయితే మాకు డ్యూటీ పట్టిక ఉండేది. ఈ రాత్రి నాది, రేపు మరొకరిది. నేటి కంపెనీ గ్రూపులలో ఆ పట్టిక లేదు. అందరూ అన్ని రాత్రులూ ఆన్‌కాల్‌లోనే ఉన్నారు. పైగా మనకు రాత్రి అయ్యేసరికి అమెరికాలో పని మొదలవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వెలువరించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35–40 గంటలు పనిచేసేవారికంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. భోజనం చేస్తూ ఇచ్చే జవాబులను హాజరుపట్టీ లెక్కించదు. శరీరం మాత్రం లెక్కిస్తుంది.

ఇష్టం లేనివారు ఫోను ఆపుకోవచ్చు కదా అంటారు కొందరు. పై అధికారి రాత్రి పదకొండింటికి రాస్తుంటే, నిన్న చేరిన కుర్రవాడు ఫోను ఆపుకోగలడా? కనుక బాధ్యత సంస్థదే. జర్మనీలో ఫోక్స్‌వాగన్ 2011లోనే, కొందరు ఉద్యోగులకు పనివేళ ముగిసిన అరగంట తరువాత ఫోనుకు ఈమెయిళ్లు చేరకుండా ఆపివేయడానికి అంగీకరించింది. ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి ఈ విషయమై చట్టాలున్నాయి. మన లోక్‌సభలో సుప్రియా సూలే ఇటువంటి హక్కు కోరుతూ ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర లేదు. సంస్థలలో పెద్ద పదవుల్లో ఉన్న పాఠకులకు నా మనవి ఇది:

1. రాత్రి ఎవరు అందుబాటులో ఉండాలో పట్టిక వేయండి. మిగిలినవారిని నిద్రపోనివ్వండి.
2. రాత్రి తోచిన మాటను ఉదయం చేరేటట్లు పంపండి. ఈ యాప్‌లలో ఆ సదుపాయం ఉన్నది.
3. నిజమైన అత్యవసరమైతే ఫోను చేయండి. గ్రూపులో రాసి అందరినీ కాపలా ఉంచకండి.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలకు వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, గుండెదడ వస్తున్నా, చిన్న వయసు అని ఉపేక్షించకండి. రక్తపోటు చూపించండి, వైద్యుణ్ణి సంప్రదించండి. పడకగదిలోకి ఆఫీసు ఫోను రాకుండా చూడండి. జీతం పగటి పనికి ఇస్తున్నారు. రాత్రి నిద్ర వారి సొంతం.