రాడ్ దాచింది, డంబెల్ చెప్పింది

“ఎంత కొడుతున్నావ్ బ్రో?”

జిమ్‌లో పరిచయాలన్నీ ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. పేరు, ఊరు, ఉద్యోగం ఆ తర్వాత. అడిగింది బెంచ్ ప్రెస్ గురించే అని విడిగా చెప్పక్కర్లేదు. ఒకడు 80 అంటాడు. ఇంకొకడు 30 అంటాడు. 80 అన్నవాడిది రాడ్. 30 అన్నవాడివి డంబెల్స్, అదీ చేతికి 30. రెండూ కలిపితే 60. ఇక చూస్కోండి, 80 గొప్పా 60 గొప్పా అని సెట్టుకీ సెట్టుకీ మధ్య పెద్ద పంచాయితీ.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు... ఏ జిమ్‌కి వెళ్లినా నాకు ఈ గొడవ వినబడుతూనే ఉంది. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఏలూరులోనే ఉంటూ, పొద్దున్న జిమ్, పదింటి నుంచి లాప్‌టాప్ అన్నట్టు గడుస్తోంది నాకు. ఈ మధ్య ఆ పంచాయితీ కాస్తా మా ఇంటికే వచ్చింది. ఒక పక్క మా బావ, ఇంకో పక్క మా ఫ్రెండు.

బావది కొల్లేటి లంక గ్రామం. చేపల చెరువుల మీద పని. మేతకి తవుడు బస్తాలు మొయ్యడం, వలలు లాగడం, ట్రేలు ఎత్తడం. సాయంత్రం ఖాళీ దొరికితే కైకలూరు వెళ్లి రాడ్ మీద బెంచ్ కొడతాడు. ఒక్క రెప్ లెక్కన 80. ఫ్రెండుది తాడేపల్లిగూడెం. ఇంట్లోనే మేడ మీద ఒక బెంచీ, ప్లేట్లు మార్చుకునే డంబెల్స్ జతా పెట్టుకున్నాడు. పక్కన నిలబడి పట్టుకునే మనిషి లేడు కాబట్టి రాడ్ జోలికి పోలేదు. అతనిది చేతికి 30, అదీ ఒక్క రెప్పే. పందెం ఏంటంటే, ఎవరి బలం తక్కువని తేలితే వాళ్లు అందరికీ కొరమేను పులుసు పెట్టించాలి. “ఇంజినీరువి కదా, లెక్క నువ్వే తేల్చు” అని నా నెత్తిన పెట్టారు.

సరే అని ముందు లెక్కలో మోసం ఉందేమో చూశాను. పోటీల్లో వాడే మగవాళ్ల రాడ్ 20 కేజీలు, పొడవు 2.2 మీటర్లు. మన చిన్న ఊళ్ల జిమ్ముల్లో రాడ్లన్నీ అలా ఉండవు. పొట్టివి ఉంటాయి, సన్నవి ఉంటాయి, 10 కేజీలవీ ఉంటాయి. పది కేజీల రాడ్‌ని ఇరవై అనుకుని కలిపితే 80 కాస్తా 70 అయిపోతుంది. కొందరైతే రాడ్ బరువు కలపనే కలపరు, ప్లేట్లే చెబుతారు. కొల్లేరు వైపు కాటాలకి కొదవా? జిమ్ వాళ్లని అడిగి బావ రాడ్‌ని చేపలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించాం. ఇరవైకి 300 గ్రాములు తక్కువ వచ్చింది. పర్లేదు, 80 ఖాయం అనుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. కావడి మోసేవాళ్లని చూశారు కదా. ఒకే బద్ద, రెండు వైపులా రెండు బిందెలు. ఒక వైపు ఊగితే రెండో వైపు సర్దుకుంటుంది. అవే బిందెలు విడివిడిగా రెండు చేతుల్లో పట్టుకుని నడిచి చూడండి. నీళ్లు అవే, బరువు అదే. కానీ ఏ చేతి బిందె ఆ చెయ్యే చూసుకోవాలి. రాడ్ కావడి లాంటిది. డంబెల్స్ రెండు బిందెలు.

అందుకే డంబెల్స్‌తో మొత్తం బరువు తగ్గుతుంది. మొదటి కారణం అదుపు. రెండు చేతుల్నీ కలిపి ఉంచే రాడ్ లేదు కాబట్టి డంబెల్ ముందుకీ, తలవైపుకీ, పక్కకీ ఎటైనా పోవచ్చు. బలంలో కొంత దాన్ని దారిలో పెట్టడానికే ఖర్చయిపోతుంది.

రెండోది ట్రైసెప్స్. రాడ్ పట్టుకున్నప్పుడు మనం పైకి మాత్రమే నెట్టం. తెలియకుండానే రెండు చేతులతో బయటికి కూడా నెడతాం. రాడ్ ఒకటే ముక్క కాబట్టి చేతులు జారిపోవు, ఆ నెట్టుడు మోచెయ్యి సాగడానికి పనికొస్తుంది. అదే పని డంబెల్స్‌తో చేస్తే అవి చెరో వైపుకీ పోతాయి. అందుకని మోచేతి కింది భాగాన్ని నిటారుగా ఉంచి పైకే నెట్టాలి. ట్రైసెప్స్ నుంచి వచ్చే సాయం తగ్గిపోతుంది.

మూడోది దూరం. రాడ్ ఛాతీకి తగిలిందంటే అక్కడితో ఆగాల్సిందే. డంబెల్స్ ఇంకాస్త కిందికి దిగుతాయి, పైన దగ్గరికి కూడా వస్తాయి. దానికి తోడు రాడ్ స్టాండు మీద రెడీగా ఉంటుంది. డంబెల్స్‌ని తొడల మీద పెట్టుకుని, వెనక్కి వాలి, మోకాళ్లతో ఎగదోసి భుజాల దగ్గరికి తెచ్చుకునేసరికే సగం ఊపిరి అయిపోతుంది.

మరి ఎంత తగ్గుతుంది? నార్వే పరిశోధకులు 2011లో ఇదే కొలిచి ప్రచురించారు. వ్యాయామం అలవాటున్న 12 మంది మగవాళ్ల చేత రాడ్, స్మిత్ మెషిన్, డంబెల్స్ మూడింటి మీదా ఒక్క రెప్‌కి ఎత్తగలిగినంత ఎత్తించారు. రెండు డంబెల్స్ మొత్తం సగటున రాడ్ బరువు కంటే 17 శాతం తక్కువ వచ్చింది. ఛాతీ కండరం, భుజం ముందు కండరం మాత్రం మూడింటిలోనూ ఒకేలా పనిచేశాయి. ట్రైసెప్స్ పని డంబెల్స్‌తో తగ్గింది, బైసెప్స్ పని పెరిగింది. అంటే నంబర్ తగ్గినా ఛాతీ వాటా తగ్గలేదు. డంబెల్ వాళ్లని చూసి నవ్వేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఈ లెక్కన బావ 80లో 17 శాతం తీసేస్తే 66 చిల్లర. అంటే చేతికి సుమారు 33 రావాలి. ఫ్రెండు 60ని రాడ్‌లోకి మారిస్తే 72. కాగితం మీద బావ గెలిచాడు. కానీ కాగితం మీద నడిచిన కోడ్ సర్వర్ మీద నడవాలని రూలేం లేదు కదా. అందుకని ఒక ఆదివారం ఇద్దర్నీ ఏలూరు పిలిపించి, ఒకరి సామాను ఇంకొకరి చేతికిచ్చాం.

ముందు ఫ్రెండు రాడ్ కింద పడుకున్నాడు. 60 లేచింది. 65 వణుక్కుంటూ లేచింది. 70 సగం దాకా వచ్చి ఆగితే పక్కనున్న మేం అందుకున్నాం. 72 రావాల్సినవాడికి 65 వచ్చింది. బలం లేక కాదు, రాడ్ అలవాటు లేక. ఎక్కడ పట్టుకోవాలి, ఛాతీ మీద ఎక్కడికి దించాలి అనేవి చేసుకుంటూ పోతేనే వస్తాయి. సాధన చేసిన పనిలోనే బలం కనబడుతుంది.

తర్వాత బావ. 33 రావాలన్న మనిషికి 30 ఇచ్చాం. కుడి చెయ్యి దర్జాగా పైకెళ్లింది. ఎడమ చెయ్యి సగంలో ఆగిపోయింది. కాసేపు ఆగి 27.5 ఇచ్చాం. మళ్లీ అంతే. 25కి దిగాక రెండూ లేచాయి, అదీ ఎడమది ఈడ్చుకుంటూ. బావ లేచి కూర్చుని ఎడమ చెయ్యి వైపు చూసి, “ఇది నాదేనా బావా?” అన్నాడు. అందరం నవ్వాం. వాడు నవ్వలేదు.

రాడ్ మీద 80, డంబెల్స్‌తో 50. సగటున 17 శాతం తగ్గాల్సిన చోట 37 శాతం పైనే తగ్గింది. అలవాటు లేకపోవడమే కారణమైతే రెండు చేతులూ తడబడాలి. ఇక్కడ తడబడింది ఒక్కటే. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు సర్వర్లున్నాయి. ఒకటి నీరసపడితే రెండోది ఎక్కువ లోడ్ లాగేస్తోంది. బయటి నుంచి చూసేవాడికి సైట్ బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే ఉంటుంది. రాడ్ చేసిన పని అదే.

తీరిగ్గా అడిగితే అప్పుడు చెప్పాడు. రెండేళ్ల కిందట చెరువు గట్టు మీద జారి ఎడమ భుజం మీద పడ్డాడట. నాలుగు రోజులు నూనె రాసి ఊరుకున్నాడు. అప్పట్నుంచీ బస్తా అంటే కుడి భుజమే. రాత్రిళ్లు ఎడమ వైపు తిరిగి పడుకోలేడు. ఇంట్లో కూడా చెప్పలేదు. పైగా సంక్రాంతికి రాడ్ మీద 90 కొట్టాలని టార్గెట్. సగం పనిచేసే భుజం మీద ఇంకో పది కేజీలన్నమాట. మనకి భుజం పట్టేస్తే రెండు రోజులు సిక్ లీవ్. చెరువు పని చేసేవాడికి భుజం పోతే ఆ నెల ఇల్లే గడవదు.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. పాత దెబ్బకి భుజం బిగుసుకుపోయిందని, ఆ వైపు కండరాలు నీరసపడ్డాయని చెప్పి, రాడ్ ఆపించి తేలిక బరువులతో కసరత్తులు ఇచ్చారు.

ఇంతకీ బలవంతుడెవరు? బలానికి కొలత ఎప్పుడూ ఒకటే కాదు. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఉన్న పేరు దండమూడి రాజగోపాలరావుది. 1951లో తొలి ఆసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ పతకం తెచ్చినాయన, ‘నర్తనశాల’ సినిమాలో భీముడు. ఆయన కాలంలో పోటీల్లో ప్రెస్ అంటే నిలబడి రాడ్‌ని తలపైకి నెట్టడం. ఎవరు ఎంత వెనక్కి వంగుతున్నారో తీర్పు చెప్పలేక 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత దాన్ని తీసేశారు. బెంచ్ ప్రెస్ ఉన్న పవర్‌లిఫ్టింగ్‌కి అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది కూడా 1972లోనే. మన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కేజీలతో కాంస్యం గెలిచింది. ఆ 240లో బెంచ్ ప్రెస్ ఒక్క కేజీ కూడా లేదు.

కాబట్టి రాడ్ నంబర్‌నీ డంబెల్ నంబర్‌నీ ఒకదానితో ఒకటి కొట్టించకండి. రెండూ మీవే రాసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. డంబెల్స్ మొత్తం రాడ్‌లో ఎనభై శాతం అటూ ఇటూగా ఉంటే మామూలే. బాగా తక్కువుండి రెండు చేతులూ సమానంగా వణికితే అలవాటు లేదని అర్థం, కొన్ని వారాలు చేస్తే సర్దుకుంటుంది. ఒక చెయ్యే ఆగిపోతుంటే మాత్రం బరువు తగ్గించండి. ఆ చెయ్యి ఎన్ని రెప్స్ చేస్తే రెండో చెయ్యీ అన్నే చెయ్యాలి. నొప్పి కూడా ఉంటే జిమ్ సలహాలు చాలు, డాక్టర్‌కి చూపించండి.

ఒంటరిగా చేసేవాళ్లు రాడ్ మీద ఆఖరి రెప్ దాకా పోకండి. లేవకపోతే అది ఛాతీ మీదో మెడ మీదో ఆగుతుంది. బొటనవేలు రాడ్ చుట్టూ తిప్పి పట్టుకోండి. డంబెల్స్ అయితే కిందికి దించెయ్యొచ్చు, కానీ వాటికీ ఒక చిక్కుంది. జిమ్ముల్లో 20 తర్వాత 22.5 ఉంటుంది. అంటే ఒక్కసారే 12.5 శాతం పెంపు. రాడ్ మీద 60 నుంచి 62.5 అయితే 4 శాతమే. అందుకే డంబెల్స్‌లో పై బరువుకి పోయే ముందు ఉన్న బరువుతోనే నాలుగు రెప్స్ ఎక్కువ చెయ్యడం అలవాటు చేసుకోండి.

నాలుగు నెలలైంది. బావ ఇప్పుడు చేతికి 27.5 కొడుతున్నాడు, రెండు చేతులూ కలిసే లేస్తున్నాయి. రాడ్ ఈ మధ్యే మళ్లీ మొదలెట్టాడు, 60తో. సంక్రాంతి 90 సంగతి ఇప్పుడు ఎత్తడం లేదు. బస్తా ఒక రోజు కుడి మీద, ఒక రోజు ఎడమ మీద మార్చుకుంటున్నాడు. ఎడమ వైపు తిరిగి పడుకుంటున్నాడని అక్క చెప్పింది. ఫ్రెండు రాడ్ మీద 72.5కి వచ్చాడు, నార్వే లెక్క నిజం చేశానని ఊరంతా చెప్పుకుంటున్నాడు.

పందెం తేలలేదు. పులుసు మాత్రం బావే పెట్టించాడు.

మీ జిమ్‌లో రాడ్ అసలు బరువెంతో ఒకసారి తూచి చూడండి. ఎంత వచ్చిందో నాకు రాయండి. వచ్చే వారం కలుద్దాం.