పాఠంలో పర్యావరణం, బోరులో ఉప్పు



"పర్యావరణం" అన్న మాట శీర్షికలో కనబడగానే పేజీ తిప్పేసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను. హైస్కూల్లో ఉన్నన్నాళ్ళూ ఆ మాట మీద వక్తృత్వ పోటీల్లో కంఠతా పట్టిన ముక్కలు అప్పజెప్పి స్టీలు గ్లాసులు తెచ్చుకున్నవాణ్ణే నేనూ. ఆ గ్లాసులు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. వాటిలో తాగే నీళ్ళు మాత్రం ఇప్పుడు టిన్నుల్లెక్కన కొనుక్కుంటున్నాం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా దాళ్వాకి పోసిన మా ఆకుమడి ఎర్రబడి చచ్చిపోయింది. ఆ యేడు కాలవ నీరు సమయానికి అందక నాన్న బోరు నీళ్ళు పెట్టారు. జింకు లోపమేమోనని ఎవరో అంటే జింకు సల్ఫేటు కొట్టారు. లాభం లేకపోయింది. అప్పు చేసి మళ్ళీ విత్తనాలు తెచ్చారు. సరిగ్గా ఆ నెలలోనే పరీక్షలో "నేల చౌడుబారుటకు కారణములు వ్రాయుము" అన్న ప్రశ్నకు నాకు నాలుక్కి నాలుగు మార్కులూ వచ్చాయి! కారణాలు నా పేపర్లో ఉన్నాయి, జబ్బు మా చేలో ఉంది. ఆ రెంటికీ సంబంధం ఉండొచ్చని నాకు తట్టలేదు. చెప్పిన వారూ లేరు.

తట్టింది అయిదేళ్ళ తర్వాత. డిగ్రీ రెండో సంవత్సరం కెమిస్ట్రీ ల్యాబులో, సిల్వర్ నైట్రేటుతో నీటిలోని క్లోరైడు కొలిచే ప్రయోగం వచ్చింది. మా లెక్చరరు గారిని అడిగి, మా కాలవ నీళ్ళొక సీసా, బోరు నీళ్ళొక సీసా పట్టుకొచ్చాను. కాలవ నీరు కాస్తంత ద్రావణానికే ఇటుక రంగు తిరిగింది. బోరు నీటికి బ్యూరెట్టు రెండోసారి నింపవలసి వచ్చింది. లెక్క కడితే లీటరుకు 1500 మిల్లీగ్రాములు దాటింది. తాగే నీటిలో 250 మించకూడదనీ, వేరే నీరు దొరకని చోట 1000 వరకూ సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇది అప్పుడే చూసుంటే ఆ విత్తనాలు మిగిలేవి కదరా" అన్నారు.

నా వాదన ఇదే. డిగ్రీ దాకా ఆగవలసిన చదువు కాదిది. ఎనిమిదో తరగతి పిల్లవాడు మేష్టారి ఎదుట చేయగల పని.

చట్టాలకు మనకు లోటు లేదు. ప్రతి తరగతిలోనూ పర్యావరణం బోధించాలని సుప్రీం కోర్టు 1991లో చెప్పింది. 2003లో మరోసారి గట్టిగా చెప్పింది. బడుల్లో పర్యావరణ క్లబ్బుల కోసం 2001లో కేంద్రం జాతీయ హరిత దళం మొదలుపెట్టింది. 6 నుంచి 8వ తరగతి పిల్లలకు 10 రోజులు పుస్తకాల సంచీ లేని చదువు ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. అయినా నేను చూసినంతలో పర్యావరణం మరో నోట్సుగానే మిగిలింది. గోదావరి గట్టు పక్కనే కూర్చుని జలచక్రం బొమ్మకు రంగులు వేయించడం ఏమి చదువు?

చేసి చూపినవారు లేకపోలేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పల్లెటూరి బడుల్లో ప్రయోగాలతో సైన్సు నేర్పడం మొదలైంది. పిల్లలు నలుగురేసి కూర్చుని, తామే చేసి, తామే రాసుకునేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోనిచ్చేవారు, ప్రయోగమూ చేయించేవారు. ముప్ఫయి ఏళ్ళు నడిచాక 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. కానీ పల్లెటూరి పిల్లలకు ప్రయోగాలు రావన్న మాట అబద్ధమని అప్పటికే తేలిపోయింది.

మన కోనసీమకు ఈ చదువు అందరికన్నా ఎక్కువ అవసరం. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేల ఇది. 2011లో మన రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతోబాటు పూడిపోయిన మురుగు డ్రెయిన్ల గోడూ వినిపించింది. డ్రెయిను ఎంత లోతుందో కర్ర పెట్టి కొలవడానికి ఎమ్మెస్సీ కావాలా? అంబాజీపేట పరిశోధన స్థానంలో కొబ్బరి నల్లముట్టె పురుగును చంపే బదనికలను పెంచుతారు. కొబ్బరి తోటల్లో ఆడుకునే పిల్లల్లో ఎందరు వాటిని భూతద్దంలో చూశారు?

"పిల్లలు నీళ్ళు కొలిస్తే ఊళ్ళో తగాదాలొస్తాయి, రొయ్యల చెరువుల వాళ్ళు ఊరుకోరు" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. చెరువుల వాళ్ళు పరాయివాళ్ళు కారు. మా బాబాయి చేను కూడా చెరువుకు లీజుకిచ్చిందే. అదీగాక నేను చేసిన ఒక్క పరీక్షతో మా బోరులోకి ఉప్పు ఎక్కడనుంచి వచ్చిందో తేలదు. చెరువే కావచ్చు, డ్రెయినులో ఎగదన్నిన పోటునీరు కావచ్చు, బోర్లు ఎక్కువ తోడడమూ కావచ్చు. అది తేలాలంటే ఊరంతా, నెలనెలా, ఏళ్ళ తరబడి చూడాలి. నలభై మంది పిల్లలు నలభై ఇళ్ళనుంచి నలభై సీసాలు తెస్తే అది ఊరి పటమే! తెలియక పడే తగాదా కన్నా తెలిసి మాట్లాడుకోవడం మేలు కాదా?

"సిలబస్ అవదు, మార్కులు తగ్గుతాయి" అనే మేష్టర్ల ఇబ్బందీ నిజమే. భారమంతా వాళ్ళ మీద వేయమనడం లేదు. మన విద్యార్థి సంఘానికే ఒక విన్నపం. వార్షికోత్సవంలో మైకులకూ, లైట్లకూ పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, నీటిలో ఉప్పు కొలిచే చిన్న మీటర్లు నాలుగైదు కొందాం. నెలకో శనివారం, సైన్సు విద్యార్థులం ఇద్దరిద్దరుగా మన సొంత ఊరి బడికి వెళదాం. సీసాల మీద పేర్లు రాయించి, అంకెలు పిల్లల చేతనే చార్టు మీద వేయించి, బడి గోడకు తగిలిద్దాం. లెక్చరర్లు మా తప్పులు దిద్దాలి. పూర్వ విద్యార్థులు తమ ఊరి బడి తలుపు తెరిపించాలి.

వచ్చే దాళ్వాకి ఆకుమడి పోసేలోగా ఒక్క బడిలోనైనా మొదలుపెడదాం. మా ఊరి బడికి నేను సిద్ధం. నాతో వచ్చే రెండోవారెవరు?