పేరు పెట్టడం ఒక విద్య

శాస్త్రమేదైనా ముందుగా చేసే పని పేరు పెట్టడం. పేరు లేని విషయాన్ని గురించి ఇద్దరు మాట్లాడుకోలేరు. ఒకే విషయానికి పూటకొక పేరు పెడితే మాట్లాడుకొన్నా ఒకరి మాట ఒకరికి అందదు. చిన్నయసూరి బాలవ్యాకరణం సంధులతోనో సమాసాలతోనో మొదలు కాక సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలుకావడంలోని ఆంతర్యం ఇదే. ద్రుతమంటే ఏమిటో, కళలంటే ఏమిటో అక్కడ ఒక్కసారి చెప్పిన తరువాత గ్రంథం చివరి వరకు ఆ పేర్లే పని చేస్తాయి. మళ్లీ వివరించే శ్రమ గ్రంథకర్తకు లేదు. మళ్లీ అడిగే అవసరం చదువరికి లేదు.

ఈ పాత మర్యాద నేడు కొత్తగా అవసరమైన తావు ఒకటి ఉంది. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల ప్రశ్నోత్తర పత్రమే ఆ తావు. అటువంటి పత్రాన్ని తయారు చేసేవారు కంప్యూటర్ మీద తమ అవసరానికి తగిన కూర్పు సంజ్ఞలను తామే నిర్వచించుకోవాలి. వాటినే సాంకేతికులు మాక్రోలంటారు. ఇది కేవలం అచ్చు పనివారి నేర్పు కాదు. స్పష్టంగా ఆలోచించడానికి ఒక అభ్యాసం.

హైదరాబాదులో నల్లకుంట, విద్యానగర్, తార్నాక ప్రాంతాలు ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టూ అల్లుకొన్న విద్యార్థి లోకం. ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు శిక్షణ ఇచ్చి పేరు పొందిన చుక్కా రామయ్యగారి సంస్థ వెలసినది నల్లకుంటలోనే. ఇటువంటి చోట్ల నిత్యం చేతులు మారే వస్తువు ప్రశ్నలు, జవాబులు, సాధనలు గల కాగితాల కట్ట. అధ్యాపకుడు దానిని చేతితో రాస్తాడు. డీటీపీ కేంద్రంలో ఒకరు కూర్పు చేస్తారు. జిరాక్సు దుకాణంలో ప్రతులు తీస్తారు. విద్యార్థి దానిని నమ్మి చదువుతాడు.

ఈ ప్రయాణంలో చిన్న చిన్న ప్రమాదాలు జరుగుతాయి. ఎలక్ట్రాన్ ఆవేశ పరిమాణాన్ని చెప్పేటప్పుడు పది మీద ఘాతంగా మైనస్ 19 ఉండాలి. ఆ ఘాతం కిందికి దిగిందంటే అది ‘10-19’ అవుతుంది. పది నుంచి పందొమ్మిది వరకు అన్నట్లు కనబడుతుంది. పైన మొత్తం మార్కులు 60 అని ఉండి, విడివిడిగా కూడితే 58 రావచ్చు. పన్నెండవ ప్రశ్నను తొలగించిన తరువాత కూడా ‘పన్నెండవ ప్రశ్న జవాబు చూడుము’ అన్న వాక్యం అలాగే మిగిలిపోవచ్చు. ఇవి అజ్ఞానం వల్ల పుట్టిన తప్పులు కావు. ఒకే పనిని రెండు వందల చోట్ల చేతితో చేయవలసి రావడం వల్ల పుట్టిన తప్పులు. అయినా పరీక్షకు సిద్ధమవుతున్న విద్యార్థికి వాటి మూలం తెలియదు. తన లెక్కే తప్పని తనను తాను అనుమానించుకొంటాడు.

ఇటువంటి అసంతృప్తి నుంచే ఒక గొప్ప సాధనం పుట్టింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ నూత్ తన కంప్యూటర్ శాస్త్ర గ్రంథం రెండవ సంపుటానికి కొత్త కూర్పు వచ్చినప్పుడు, ఫోటో పద్ధతిలో కూర్చిన ఆ పుటల అందవికారం చూసి సహించలేకపోయాడు. 1977లో తానే ఒక కూర్పు వ్యవస్థను నిర్మించడానికి పూనుకొన్నాడు. కొద్దికాలంలో ముగుస్తుందనుకొన్న పని సుమారు పదేళ్లు పట్టింది. దానికి ఆయన ‘టెక్’ అని పేరు పెట్టాడు. కళ, నైపుణ్యం అనే రెండు అర్థాలూ గల గ్రీకు ధాతువు ఆ పేరులో ఉంది. 1980లలో లెస్లీ లాంపోర్ట్ దాని మీద ‘లేటెక్’ అనే మరింత సులభమైన వ్యవస్థను కట్టాడు. గమనించదగిన విశేషమేమిటంటే, లేటెక్ అనేది ప్రధానంగా టెక్‌లో రాసిన మాక్రోల సముదాయమే. అంటే నేడు ప్రపంచమంతటా గణిత శాస్త్రజ్ఞులు వాడుతున్న ఈ వ్యవస్థ ఒక వ్యక్తి తన అవసరం కోసం పెట్టుకొన్న పేర్ల పట్టికగా ఆరంభమైంది.

మాక్రో అంటే ఏమిటో తెలుగు విద్యార్థికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఛందస్సు చదివినవారందరికీ అది పరిచితమే. భగణమంటే ఒక గురువు, రెండు లఘువులు. రగణమంటే గురువు, లఘువు, గురువు. నగణమంటే మూడు లఘువులు. వగణమంటే ఒక లఘువు, ఒక గురువు. ఈ నాలుగు పేర్లు తెలిస్తే ‘భ, ర, న, భ, భ, ర, వ’ అన్న ఏడక్షరాలు ఇరవై అక్షరాల పాదంగా విప్పుకొంటాయి. ఆ ఏడింటికి కలిపి మరొక పేరు ఉత్పలమాల. ఆ ఒక్క మాట అనగానే ఏడు గణాలు, ఏడు గణాలు అనగానే ఇరవై గురులఘువులు కళ్లముందు నిలుస్తాయి. పేరు లోపల పేరు, దాని లోపల వివరం. కంప్యూటర్‌లో మాక్రో చేసేది సరిగ్గా ఇదే. ఒక చిన్న పేరును చూసి, దాని వెనుక ముందే చెప్పి ఉంచిన పెద్ద వివరాన్ని యంత్రం పరచి పెడుతుంది.

ప్రశ్నోత్తర పత్రంలో ఇది ఎలా పని చేస్తుందో చూడవచ్చు. యూనికోడ్ లిపిని నేరుగా చదవగల జీటెక్ వంటి రూపాలలో ఆజ్ఞల పేర్లను తెలుగులోనే పెట్టుకోవచ్చు. రచయిత \ప్రశ్న అనే ఒక ఆజ్ఞను నిర్వచించుకొంటాడు. దానికి రెండు వివరాలు అందించాలి: మార్కులు, ప్రశ్న పాఠం. సంఖ్య వేయడం, మార్కులను కుడి అంచున నిలపడం, ఆ మార్కులను మొత్తంలో కలుపుతూ పోవడం ఆ ఆజ్ఞ చేసే పనులు. \జవాబు అనే మరొక ఆజ్ఞకు ఒక మీట ఉంటుంది. మీట తెరిస్తే అధ్యాపకుల ప్రతి వస్తుంది; మూస్తే జవాబులు కనబడని విద్యార్థుల ప్రతి వస్తుంది. మూలపత్రం ఒక్కటే కనుక ఒక ప్రతిలో దిద్దిన తప్పు మరొక ప్రతిలో మిగిలిపోదు.

సదిశల సంగతి మరొక ఉదాహరణ. కొన్ని పుస్తకాలు సదిశను అక్షరం మీద బాణంతో సూచిస్తాయి. మరికొన్ని ముద్దక్షరంతో సూచిస్తాయి. రచయిత ప్రతిసారీ బాణం గీస్తూ పోతే, పుస్తకం పూర్తయిన తరువాత ముద్దక్షరమే కావాలని నిర్ణయించినప్పుడు వందల చోట్ల మార్చవలసి వస్తుంది. ఏ పదిచోట్లనో మరచిపోతాడు. \సదిశ అని రాసి ఉంటే మార్చవలసిన చోటు ఒక్కటే. అంతకన్నా ముఖ్యమైన లాభం వేరొకటి ఉంది. ప్రతి అక్షరం దగ్గరా ‘ఇది సదిశా, అదిశా?’ అని రచయిత తనను తాను ప్రశ్నించుకోవలసి వస్తుంది. బాణం గీసేవాడు ఆకారాన్ని తలుస్తాడు. సదిశ అని రాసేవాడు అర్థాన్ని తలుస్తాడు.

తెలుగు విద్యార్థికి ఈ విషయంలో మరింత సన్నిహితమైన ప్రయోజనం ఉంది. 2021 నుంచి జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను తెలుగుతో కలిపి పదమూడు భాషలలో నిర్వహించడం మొదలైంది. అయితే అనువాదంలో సందిగ్ధత ఏర్పడితే ఇంగ్లీషు పాఠమే ప్రమాణమని పరీక్షల నిబంధన. తెలుగులో చదివి జవాబు రాసే బాలిక, తెలుగు పాఠంలో ఒక అంకె జారిపోయినా తానే నష్టపోవలసి ఉంటుందన్నమాట. రెండు భాషల ప్రశ్నలనూ వేరువేరుగా టైపు చేసినంత కాలం ఈ ప్రమాదం తప్పదు. సమీకరణాన్ని, దత్తాంశాలను ఒక పేరుతో ఒక్కసారి నిర్వచించి, ఇంగ్లీషు వాక్యంలోను తెలుగు వాక్యంలోను ఆ పేరునే పిలిస్తే, అంకెలు వేరుపడే అవకాశమే ఉండదు. అనువాదకుడు మాటల మీదనే మనసు నిలపవచ్చు. ఇది సాంకేతిక సౌలభ్యం మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించిన విషయం.

ఉస్మానియా ప్రాంగణం ఈ సమస్య పూర్వరూపాన్ని నూరేళ్ల కిందటే చూసింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆ విశ్వవిద్యాలయం ఆరంభమైంది. పాఠ్యగ్రంథాల కోసం అంతకు ముందరి ఏడే అనువాద విభాగాన్ని నెలకొల్పారు. శాస్త్ర పదాలకు సమానార్థకాలను నిశ్చయించడం అక్కడి పండితులకు ప్రధానమైన పని అయింది. తరువాత 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కూడా పాఠ్యపుస్తకాలతోపాటు పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. ముందు పేరు నిశ్చయం కావాలి, ఆ తరువాతనే పుస్తకం సాగాలి అన్న క్రమాన్ని ఆ పెద్దలు గుర్తించారు.

కంప్యూటర్‌లో తెలుగు నడిచిన దారి కూడా ఇదే పాఠం చెబుతుంది. 1990ల తొలినాళ్లలో ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్ ‘తెలుగుటెక్’ను రూపొందించి టెక్ ద్వారా తెలుగు అచ్చుకు దారి వేశారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రోమన్ అక్షరాలతో తెలుగు రాసే ప్రమాణాన్ని తీర్చిదిద్దారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే ఖతులను అందించారు. మరొకవైపు మన డీటీపీ కేంద్రాలలో దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ యూనికోడ్ కాని ఖతులతో తయారయ్యాయి. ఆ ఖతులలో యంత్రం దాచుకొన్నది తెలుగు అక్షరాన్ని కాదు, తెలుగు అక్షరంలా కనబడే బొమ్మ ముక్కల వరుసను. ఖతి మారగానే ‘అమ్మ’ అన్న మాట అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది. ఎన్నో మంచి పుస్తకాల కంప్యూటర్ ప్రతులు నేడు వెదకడానికీ, తిరిగి వాడడానికీ వీలులేకుండా ఉండడానికి కారణమిదే. యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్యను ఇచ్చింది. ఆకారాన్ని ఖతికి వదిలింది. అర్థాన్ని ఆశ్రయించిన పాఠం బతుకుతుంది. ఆకారాన్ని మాత్రమే ఆశ్రయించిన పాఠం ఆ ఆకారంతోపాటే నశిస్తుంది.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. మౌస్‌తో తాకి ముద్దక్షరం చేయగలిగినప్పుడు ఈ ఆజ్ఞలెందుకని కొందరంటారు. ఒక్క పుట సెలవు చీటీకి నిజంగానే అవసరం లేదు. ఏటేటా పెరిగే ప్రశ్నల నిధికి మాత్రం అవసరం. లేటెక్‌లో ప్రశ్నపత్రాల కోసమే ‘ఎగ్జామ్’ అనే సిద్ధమైన ఏర్పాటు ఉండగా సొంత మాక్రోలు ఎందుకని మరికొందరంటారు. ఆ మాట సమంజసమే. ఉన్నదాన్ని పరిశీలించిన తరువాతనే లేనిదాన్ని నిర్మించాలి. అయినా సదిశ, దత్తాంశం, సూచన వంటి పేర్లు ఆయా విషయానికీ, ఆయా పుస్తకానికీ సొంతం. వాటిని రచయితే పెట్టుకోవాలి.

మూడవ ఆక్షేపణ అన్నిటికన్నా బలమైనది. మాక్రోల రుచి మరిగినవాడు తనకు తప్ప మరొకరికి తెలియని భాషను సృష్టించుకొంటాడు. సంక్షిప్తత మీద మోజుతో ఒంటి అక్షరాల పేర్లు పెడతాడు. ఆరు నెలల తరువాత వాటి అర్థం అతనికే గుర్తుండదు. వ్యాఖ్యానం లేని సూత్రం ఎంత క్లుప్తమైతే అంత దుర్బోధం. కాబట్టి కొన్ని నియమాలు పాటించడం మేలు. పేరు అర్థాన్ని చెప్పాలి, రూపాన్ని కాదు. ‘హెచ్చరిక’ అన్నది మంచి పేరు; ‘ఎర్రగీత’ అన్నది మంచి పేరు కాదు, రేపు గీత నీలంగా మారవచ్చు. నిర్వచనాలన్నీ పత్రం ఆరంభంలో ఒకేచోట ఉండాలి. ప్రతిదాని పక్కన ఒక వాక్యం వివరణ ఉండాలి. ఉన్న పేరును ఊరక మార్చరాదు. కొత్త ఆజ్ఞకు ఇదివరకే ఉన్న పేరు పెట్టబోతే లేటెక్ తప్పు చూపి ఆపుతుంది. మూలమైన టెక్ మాత్రం మౌనంగా పాతదాన్ని తుడిచివేస్తుంది. సంఖ్య విషయంలోనూ నిగ్రహం కావాలి. రెండు మూడు చోట్లకు మించి వాడని విషయానికి ప్రత్యేకంగా పేరు పెట్టనక్కరలేదు.

నేటి ఇంటర్మీడియట్ విద్యార్థి రేపు ప్రయోగశాలలో నివేదిక రాస్తాడు, పరిశోధన వ్యాసం రాస్తాడు, లేదా తన తరువాతి తరానికి పాఠం రాస్తాడు. ఆ రోజు అతని చేతిలో ఏ యంత్రం ఉంటుందో, ఏ ఖతి చెలామణిలో ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఏది ప్రశ్న, ఏది జవాబు, ఏది దత్తాంశం, ఏది సూచన అని విడదీసి పేరు పెట్టగల వివేకం మాత్రం ఏ యంత్రంతోనైనా పని చేస్తుంది. తన రాతప్రతిలో ఒకే పనిని మూడవసారి చేతితో చేయబోతున్నప్పుడు విద్యార్థి ఒక్క క్షణం ఆగి, ఆ పనికి తగిన పేరేమిటని ఆలోచించాలి. ఆ పేరు దొరికిందంటే విషయం కూడా చాలావరకు అర్థమైనట్లే.