డి డ్రైవ్ భరోసా

"సిస్టం ఫార్మాట్ కొట్టాలి సార్. డెస్క్‌టాప్ మీద ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?" అమీర్‌పేటలో ఆడిటర్ ఆఫీసైనా, కాకినాడలో ఎగుమతుల కంపెనీ అయినా, హార్డ్‌వేర్ కుర్రాడు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఉన్నాయంటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పోతూ పోతూ ఒక సలహా పడేస్తాడు: "ఇక నుంచి డేటా అంతా డి డ్రైవ్‌లో పెట్టుకోండి." మన చిన్న ఆఫీసుల్లో చాలావాటికి బ్యాకప్ విధానం అంటూ ఏదైనా ఉంటే అది ఈ ఒక్క మాటే.

సలహాలో సగం నిజముంది. విండోస్ ఉండేది సి డ్రైవ్‌లో కాబట్టి ఫార్మాట్ కొట్టేటప్పుడు డి డ్రైవ్ జోలికి పోరు. అయితే చాలా సిస్టమ్‌లలో సి, డి రెండూ ఒకే డిస్కులోని రెండు భాగాలు. డిస్కు చెడితే రెండూ పోతాయి. రాన్‌సమ్‌వేర్ చొరబడితే రెండింటినీ తెరవనీయకుండా బిగించేస్తుంది. పైగా ఉద్యోగి పనంతా ఫైళ్ల రూపంలోనే ఉండదు.

విండోస్‌లో ఎవరు లాగిన్ అయినా సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లో వారి పేరిట ఒక ఫోల్డర్ తయారవుతుంది. అదే యూజర్ ప్రొఫైల్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అందులో కంటికి కనిపించేవి. కనిపించకుండా దాగి ఉండేది యాప్‌డేటా. క్రోమ్ బుక్‌మార్కులు, స్టికీ నోట్స్‌లో రాసుకున్న ఫోన్ నంబర్లు, అవుట్‌లుక్ సిగ్నేచర్లు అన్నీ అక్కడే ఉంటాయి. డీటీపీ పనివారికి ఇంకో తిరకాసుంది. విండోస్ 10లో 2018 చివరి వెర్షన్ నుంచి అడ్మిన్ హక్కులు లేని ఉద్యోగి కూడా తన మటుకు ఫాంట్ వేసుకోవచ్చు. అలా వేసుకున్న ఫాంటు చేరేది యాప్‌డేటాలోకే. పాత తెలుగు ఫాంట్లతో కూర్చిన పేజ్‌మేకర్ ఫైలును డి డ్రైవ్‌లో ఎంత పదిలంగా దాచినా, కొత్త సిస్టంలో ఆ ఫాంటు లేకపోతే తెర మీద కనిపించేది పిచ్చి గీతలే. ఈఎఫ్ఎస్ పద్ధతిలో ఫైలుకు రక్షణ పెట్టుకున్నవారి సంగతి మరీ ఘోరం. దాన్ని తెరిచే కీ ప్రొఫైల్‌లోనే ఉంటుంది. ఆ కీని వేరుగా దాచుకోకపోతే, ప్రొఫైల్‌తో పాటు డి డ్రైవ్‌లోని ఫైలు కూడా పోయినట్టే లెక్క.

డి డ్రైవ్ సలహాను శ్రద్ధగా పాటించినవారే దెబ్బతిన్న సందర్భం కూడా ఒకటుంది. 2018 అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి 1809 అనే అప్‌డేట్ విడుదల చేసింది. నాలుగు రోజులకే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కు మళ్లించుకున్న కొందరి సిస్టమ్‌లలో పాత చోట ఇంకా ఫైళ్లు మిగిలే ఉన్నాయి. ఆ పాత ఫోల్డర్లతో ఇక పనిలేదనుకుని అప్‌డేట్ వాటిని లోపలున్న ఫైళ్లతో సహా తుడిచేసింది. ఫిర్యాదులు పది వేలకు ఒకటి మాత్రమేనని కంపెనీ చెప్పింది. ఆ ఒక్కరికి ఆ లెక్కతో ఒరిగేదేమీ లేదు. సరిచేసిన అప్‌డేట్ నవంబర్ 13న మళ్లీ వచ్చింది.

పెద్ద సంస్థలు ఈ సమస్యను ఎప్పుడో గుర్తించాయి. 1990లలో విండోస్ ఎన్‌టీ కాలంలోనే రోమింగ్ ప్రొఫైల్ వచ్చింది. ప్రొఫైల్ సర్వర్‌లో ఉంటుంది, లాగిన్ అయినప్పుడు సిస్టంలోకి దిగుతుంది, లాగాఫ్ అయినప్పుడు మార్పులతో తిరిగి వెళుతుంది. ప్రొఫైల్ బరువెక్కితే పొద్దున్నే లాగిన్ కావడానికి టీ తాగి వచ్చేంత సేపు పట్టేది. యాప్‌డేటాలోని లోకల్ అనే భాగం ఆ ప్రయాణంలో పాల్గొనదు. క్రోమ్ బుక్‌మార్కులు, పైన చెప్పిన ఫాంట్లు ఉండేది సరిగ్గా అందులోనే. ఆ తర్వాత ఫోల్డర్లను సర్వర్‌కు మళ్లించే పద్ధతి, ఇప్పుడు మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ నిల్వ వన్‌డ్రైవ్ వచ్చాయి.

అంతా ఒకచోట చేర్చితే నిశ్చింతగా ఉండొచ్చనుకునేవారు దక్షిణ కొరియాలో జరిగింది తెలుసుకోవాలి. అక్కడి ప్రభుత్వం ఉద్యోగులకు జీ-డ్రైవ్ అనే నిల్వ సదుపాయం ఇచ్చింది. తలకు 30 జీబీ. పని ఫైళ్లు ఆఫీసు పీసీలో ఉంచకండి, అన్నీ అందులోనే పెట్టండి అని 2018లో మార్గదర్శకాలు జారీ చేసింది. 2025 సెప్టెంబర్ 26 రాత్రి డేజియాన్‌లోని జాతీయ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు రేగాయి. మొదట నిలిచిపోయిన ప్రభుత్వ వ్యవస్థలు 647. వాటిలో చాలావాటికి వేరే చోట కాపీలున్నాయి. జీ-డ్రైవ్‌కు లేదు. అంత పెద్ద నిల్వకు బయట బ్యాకప్ పెట్టడం కుదరలేదని అధికారులు చెప్పారు. 858 టెరాబైట్లు బూడిదయ్యాయి.

అందరికన్నా ఎక్కువ నష్టపోయింది సిబ్బంది వ్యవహారాలు చూసే మంత్రిత్వ శాఖ. మార్గదర్శకాలను తు.చ. తప్పకుండా పాటించి ఫైళ్లన్నీ జీ-డ్రైవ్‌కే అప్పగించిన శాఖ అది. ఆ డ్రైవ్‌ను అంతంతమాత్రంగా వాడిన శాఖలు తక్కువ నష్టంతో బయటపడ్డాయి. చివరికి సిబ్బంది శాఖవారు చేసిందేమిటంటే, గత నెల రోజుల్లో పీసీల్లో దాచిన ఫైళ్లు, ఈమెయిళ్లు, ప్రింటు తీసిన కాగితాలు వెతుక్కోవడం.

మన దగ్గరి ఉదాహరణ ఇంకో తీరుది. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటాను దుండగులు బిగించేశారు. దాదాపు రెండు వారాలు ఓపీ చీట్లు చేత్తో రాయాల్సి వచ్చింది. అయినా రోగుల రికార్డులు తిరిగొచ్చాయి, దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉన్నందువల్ల. సర్వర్‌కు ఇలా ఎవరో ఒకరు పూచీ పడతారు. గుమాస్తా డెస్క్‌టాప్‌కు ఎవరు పూచీ?

ఉద్యోగే, అంటాయి ఆఫీసులు. డెస్క్‌టాప్ మీద ఫైళ్లు పెట్టవద్దని ఏడాదికోసారి సర్క్యులర్ ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. ఇది న్యాయం కాదు. మనుషులు ఫైళ్లను కళ్లెదురుగా పెట్టుకుంటారు, రేపూ అలాగే పెట్టుకుంటారు. బ్యాకప్ ఏర్పాటే ఆ ఫైళ్ల దగ్గరికి వెళ్లాలి. ప్రొఫైల్ మొత్తం, యాప్‌డేటాతో సహా, రోజూ రాత్రి తనంతట తానే కాపీ అవ్వాలి. ఆ పూచీ యాజమాన్యానిదే. పది సిస్టమ్‌లున్న ఆఫీసుకు ఇదేమీ తలకు మించిన ఖర్చు కాదు. నెట్‌వర్క్‌లో ఒక స్టోరేజ్ పెట్టె, కాపీ తీశాక కేబుల్ పీకి ఆఫీసు బయట దాచే ఎక్స్‌టర్నల్ డిస్కు ఉంటే సరిపోతుంది. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అనే సూత్రం ఇప్పుడు ఐటీ వారందరి నోటా వినిపిస్తుంది. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది కంప్యూటర్ ఇంజినీరేమీ కాదు, పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్.

వన్‌డ్రైవ్ ఉందిగా అనేవారూ ఉన్నారు. మంచిదే, ఏమీ లేనిదానికన్నా చాలా నయం. కానీ సింక్ చేసే పని వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ ఫైలు చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. ఆఫీసు ఖాతాలో చెరిపిన ఫైలు రీసైకిల్ బిన్‌లో 93 రోజులే ఉంటుంది. మార్చిలో తీసేసిన ఫైలు ఆడిటర్ సెప్టెంబర్‌లో అడిగితే అప్పుడు వెతికినా దొరకదు.

ప్రొఫైల్ కాపీ చేయడమంటే ఉద్యోగి బ్రౌజర్ చరిత్ర, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, పిల్లల ఫీజు రసీదులు కూడా కాపీ అవుతాయన్న అభ్యంతరం సబబైనదే. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. కాపీకి ఎన్‌క్రిప్షన్ ఉండాలి, ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదు కావాలి, సిబ్బందికి ఈ సంగతి ముందే చెప్పాలి. ఈ అభ్యంతరాన్ని సాకుగా చూపి అసలు కాపీయే తీయకపోవడం మాత్రం కుదరదు.

ఈ మాట ఇప్పుడు అనడానికి కారణముంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్‌లను ఆఫీసులు మారుస్తున్నాయి. ప్రొఫైళ్లు చేజారేది ఇలాంటప్పుడే. కొత్త సిస్టం వచ్చిన రోజే పాతదాన్ని స్క్రాప్‌కు పంపకుండా, ఉద్యోగి దగ్గరుండి చూసుకుని సంతకం పెట్టేదాకా పక్కన ఉంచాలి. ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందాల్లో మౌస్, కీబోర్డు మార్పిడికి షరతులుంటాయి. మూడు నెలలకోసారి ఎవరో ఒకరి ప్రొఫైల్‌ను బ్యాకప్ నుంచి వేరే సిస్టంలోకి తిరిగి తెచ్చి చూపించాలన్న షరతు కూడా చేర్చాలి.

బదిలీలు, రాజీనామాల సంగతి కూడా తేల్చుకోవాలి. ఆఫీసు ఖాతా తొలగించాక ఆ ఉద్యోగి వన్‌డ్రైవ్‌ను, ఎవరూ సెట్టింగ్ మార్చకపోతే, 30 రోజులు మాత్రమే ఉంచుతారు. ప్రభుత్వ ఆఫీసుల్లో చార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలు, రిజిస్టర్లు, రబ్బరు స్టాంపులు లెక్కపెట్టి రాసుకునే అలవాటు ఎలాగూ ఉంది. ఆ జాబితాలో ప్రొఫైల్ కాపీ ఎక్కడుందో, దాన్ని ఎవరు తెరిచి సరిచూశారో రాయడానికి ఇంకో గడి చేర్చడానికి కొత్త జీవో అక్కర్లేదు.