పరుగుల పట్టికలో లేని లెక్క

క్రికెట్ ఆటగాళ్ళలో అందరికన్న ఘనుడెవరన్న ప్రశ్నకు ఢిల్లీలో జవాబుల కొదవ లేదు. సభలో ఒకరిపై ఒకరు విరుచుకుపడిన సభ్యులే, సభ వాయిదా పడగానే కాఫీ కప్పుల ముందు ఈ వాదంలో మునిగిపోవడం ఏళ్ళ తరబడి చూస్తున్నాను. బ్రాడ్‌మన్ సగటు 99.94 అని ఒకరంటే, టెండుల్కర్ 200 టెస్టులలో 15,921 పరుగులు చేశారని మరొకరు అందుకుంటారు.

ఇటీవల సుక్మా జిల్లా కొంటాలో, ఒక టీ దుకాణం ముందు అదే వాదం తెలుగులో విన్నాను. శబరి తీరాన, ఆంధ్ర పొలిమేరను ఆనుకొని ఉన్న ఆ ఊళ్ళో మన భాష వినబడడం వింత కాదు. కుర్రవాళ్ళు టెండుల్కర్, కోహ్లీ పక్షాలుగా చీలిపోయారు. "మరి సి.కె. నాయుడో?" అన్నాను. "ఆయన ఎన్ని పరుగులు చేశారు సార్?" అని అడిగాడొకడు. ఏడు టెస్టులు, 350 పరుగులు అన్నాను. అందరూ నవ్వేశారు.

వారిని తప్పుపట్టలేము. పరుగుల పట్టికలో అవకాశానికి గడి లేదు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో జన్మించిన నాయుడు, 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. భారతదేశానికి తొలి టెస్టు దక్కినది మాత్రం 1932లో. అప్పటికే ఆయనకు 36 ఏళ్ళు దాటాయి. లార్డ్స్‌లో ఆ జట్టుకు ఆయనే నాయకుడు. గాయపడిన చేతితో తొలి ఇన్నింగ్స్‌లో ఆయన చేసిన 40 పరుగులే జట్టులో అత్యధికం. టెండుల్కర్ తొలి టెస్టు ఆడినది 16వ ఏట.

ఇక 1936లో నాయుడు జట్టులో ఉండగానే నాయకత్వం విజయనగరం మహారాజ్‌కుమార్‌కు దక్కింది. ఆయనా తెలుగువారే. మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు. ఆ పదవిని తెచ్చిపెట్టినది ఆట కాదు, హోదా. బ్రాడ్‌మన్ కన్న నాయుడు మిన్న అని నేననడం లేదు. ఎవరికెంత దక్కిందో చూడకుండా ఎవరెంత చేశారో తూచడం న్యాయం కాదంటున్నాను.

ఈ మాట సభలో చెప్పదగినవారు టెండుల్కరే. 2012లో ఆయన రాజ్యసభకు నామినేట్ అయ్యారు. హాజరు తక్కువన్న విమర్శ న్యాయమైనదే. కాని 2017 డిసెంబరు 21న పిల్లల ఆడే హక్కుపై మాట్లాడడానికి ఆయన లేచినప్పుడు, వేరే వివాదంపై చెలరేగిన గలభాలో సభ ఆయనను ఒక్క మాటా పలకనీయలేదు. చివరకు మరునాడు ఆ ప్రసంగాన్ని ఫేస్‌బుక్‌లో వినిపించవలసి వచ్చింది.

నిజానికి ఆ హక్కుకు పునాది పార్లమెంటు ఎప్పుడో వేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో, బడికి ఉండవలసిన వసతులలో ఆటస్థలం ఒకటి. మరి బడే లేని చోట? సుక్మా జిల్లా జాగర్‌గుండలో 2006లో సల్వాజుడుం ఘర్షణల నడుమ మూతపడిన బడి 2019లో గాని తెరుచుకోలేదు. పదమూడేళ్ళు! ఆరేళ్ళ పిల్లవాడు పందొమ్మిదేళ్ళవాడవుతాడు. అంతకన్న తక్కువ కాలంలోనే టెండుల్కర్ బ్యాటు పట్టిన పసివాడి దశ నుంచి టెస్టు జట్టుకు చేరారు.

కొంటా కుర్రవాళ్ళను వారు ఆడే మైదానం ఎక్కడని అడిగాను. కోతలు ముగిసిన తరవాత పొలాన్ని చూపారు. వారిలో మరో నాయుడు ఉన్నాడో లేడో నేను చెప్పలేను. ఆ సంగతి తేలే అవకాశమైనా వారికి ఉండాలి. ఘనుడెవరని వాదించే సభ్యులలో ఒక్కరైనా వచ్చే సమావేశాలలో ప్రభుత్వాన్ని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: సుక్మా జిల్లాలో ఎన్ని బడులకు ఆటస్థలం ఉంది?