జక్రాన్‌పల్లిల దిగేదెవరు?

కమ్మర్‌పల్లి బస్టాండు కాడ రాత్రిపూట నిలబడి చూడండి. శంషాబాద్ పోయే బండ్లు కనపడతయి. పైన తాడుతోని కట్టిన సామాను, లోపల దుబాయికో మస్కట్‌కో పోయే పిలగాడు, సాగనంపటానికి నలుగురు. 200 కిలోమీటర్ల పైమాటే. అందులో కొందరు అదే దారిన పెట్టెల్ల పండి వాపసు వస్తరు. నిజామాబాద్ జిల్లాకు విమానాశ్రయం ఎందుకు అని అడిగే పెద్దమనుషులు ముందు ఈ బండ్లను లెక్కబెట్టాలె.

విమానం మనకు కొత్త ముచ్చట కాదు. ఓరుగల్లు పక్కన మామునూరుల 1930లనే, నిజాం కాలంల, విమానాశ్రయం కట్టిన్రు. 1945ల నిజాం సర్కారు టాటాలతోని కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టింది. సొంత విమాన కంపెనీ ఉన్న సంస్థానాలు దేశంల ఎన్ని? 1953ల దాన్ని జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ల కలిపిన్రు. మామునూరు 1981ల మూతబడ్డది. వెనుకబడ్డోళ్లకు మేం నాగరికత నేర్పినం అని చెప్పుకున్నోళ్లు ఈ లెక్క ఎన్నడూ చెప్పలే.

అసలు కత 2004ల నడిచింది. శంషాబాద్ కోసం ఆ ఏడాది డిసెంబర్‌ల కేంద్రం చేసుకున్న ఒప్పందంల ఒక షరతు పెట్టిన్రు: గాలి దారిన 150 కిలోమీటర్ల లోపల 25 ఏండ్లు ఇంకో విమానాశ్రయం లేవద్దు. 2008 మార్చిల శంషాబాద్ తెరిచి, బేగంపేటల ప్రయాణికుల విమానాలు బంద్ పెట్టిన్రు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు సమ్మె చేసినా విన్నోడు లేడు. ఓరుగల్లు ఆ వలయం లోపల చిక్కింది. సొంత రాష్ట్రం 2014ల వచ్చినా, కంపెనీ ఒప్పుకొని మామునూరుకు కేంద్రం అనుమతి ఇచ్చేసరికి 2025 ఫిబ్రవరి అయింది. ఈ నడుమ 2020ల పక్క రాష్ట్రం బీదర్‌ల విమానం దిగనే దిగింది!

మరి మనకేం అడ్డం? పటం మీద గీత గీసి చూస్తే జక్రాన్‌పల్లి ఆ వలయం బయటనే పడతది. రాష్ట్రం వచ్చినంక కేంద్రానికి చెప్పిన ఆరు జాగాలల్ల అదొకటి. సర్వేలూ అయినయి. కంపెనీ షరతును మనకు సాకుగ చెప్పేది కుదరదు.

అయితే ఒక మాట కుండబద్దలు కొట్టి చెప్పుకోవాలె. విమానం వస్తే పసుపు ధర పెరుగుతదని కొందరు నాయకులు అంటున్నరు. ఎండిన పసుపు కొమ్ము ఎన్నడన్న విమానం ఎక్కిందా? సాంగ్లీకైనా ఈరోడ్‌కైనా లారీల పోయే సరుకు అది. పసుపు బోర్డు కోసం 2019 పార్లమెంటు ఎన్నికల్ల 178 మంది రైతులు బరిల నిలిచిన్రు. బోర్డు మొదలైంది 2025 జనవరిల. ఆ రైతుకు విమానం బొమ్మ చూపి ఓట్లడుగుడు సిగ్గుచేటు.

విమానం కావలసింది గల్ఫ్ పోయే మనిషికి. హైదరాబాద్‌కు డెబ్బై సీట్ల చిన్న విమానం ఒకటి నడిపి చేతులు దులుపుకుంటే వానికి ఒరిగేదేంది? మళ్ల శంషాబాద్‌లనే దిగి లైన్ల నిలబడాలె. దానికోసం ఎర్రజొన్న, మక్క పండే భూమి ఇవ్వమంటే ఏ రైతు ఇస్తడు? శంషాబాద్‌కు దాదాపు 5,500 ఎకరాలు పోయినయి. అక్కడ భూమి పోయినోళ్ల పిల్లలు ఏ కొలువుల్ల ఉన్నరో మన విద్యార్థులు పోయి అడిగి రావాలె.

జక్రాన్‌పల్లి సర్వే కాగితాలు గ్రామసభల చదివి వినిపించండి. ఎన్ని ఎకరాలు, ఎవరి పట్టా, ఎకరానికెంత, ఏ విమానం ఏ ఊరికి పోతది. నేరుగ గల్ఫ్‌కు పోయేది అందుల ఉన్నదా లేదా, ముందు అది చెప్పండి.