‘ద’ ఎక్కడ పెట్టాలో తెలుగునే అడుగుదాం

ప్లేస్‌మెంట్ సీజన్ దగ్గర పడేసరికి హాస్టళ్లలో ఒకటే పీడీఎఫ్ తిరుగుతుంది. గ్రామర్ బిట్లు, సిననిమ్స్ లిస్టు, చివర్లో కాసిని ప్యాసేజీలు. ఖాళీలు పూరించు, కీ చూసుకో, మార్కులు లెక్కపెట్టుకో. నెల తిరిగేసరికి బిట్లు వస్తాయి గానీ ఇంగ్లీషు రాదు. ఎందుకు రాదు? నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఆ బిట్లు రాసినవాళ్ల మనసులో చదివేవాడి భాష ఏదో లేదు. మనకు తప్పులు ఊరికే రావు. వాటిలో చాలావాటికి మూలం మన తెలుగు వాక్యంలోనే దొరుకుతుంది. దాన్ని చూడకుండా ఎన్ని బిట్లు చేసినా అవే తప్పులు మళ్లీ చేస్తాం.

మాది నెల్లూరు జిల్లా కొడవలూరు. ఊరి చుట్టూ వరి, తూర్పున సముద్రం వైపు పోయేకొద్దీ రొయ్యల గుంటలు. రొయ్యల ఎగుమతిలో మనతో పోటీ పడే దేశాల్లో వియత్నాం ఒకటి. కొనేవాళ్లు అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటారు కాబట్టి అక్కడి కుర్రాడికీ ఇంగ్లీషు కావాలి, ఇక్కడి కుర్రాడికీ కావాలి. కానీ ఇద్దరూ తడబడేది ఒకే చోట కాదు. వియత్నామీ భాషలో క్రియ రూపం మారదు. నిన్నైనా రేపైనా, నేనైనా వాళ్లైనా అదే మాట. బహువచనానికి కూడా మాట మారదు. అందుకే ఇంగ్లీషు మాటల చివర వచ్చే ‘ఎస్’, ‘ఈడీ’ వాళ్లకి పెద్ద తలనొప్పి. వాక్యం వరుస మాత్రం ఇంగ్లీషులాగే కర్త, క్రియ, కర్మ. మన కథ దీనికి తలకిందులు. చేశాను, చేస్తాడు, చేశారు అని క్రియను తిప్పడం మనం మాటలు వచ్చినప్పటి నుంచి చేస్తున్న పనే. మనకి చిక్కు వరుస దగ్గర, ‘ద’ దగ్గర, ‘టు, ఎట్, ఇన్’ దగ్గర. హనోయ్‌లోనూ కొడవలూరులోనూ ఒకే వర్క్‌షీట్ ఇస్తే అందులో సగం ఒకరికి దండగ, మిగతా సగం ఇంకొకరికి దండగ.

కొన్ని ఉదాహరణలు చూడండి. ‘ఐ యామ్ కమింగ్ బై బస్ డైలీ’ అంటాం. ఎందుకంటే తెలుగులో ‘రోజూ బస్సులో వస్తున్నా’ అన్నా, ‘ఇదిగో వస్తున్నా’ అన్నా ఒకటే ‘వస్తున్నా’. ఇంగ్లీషులో రోజూ జరిగే పనికి ఒక రూపం, ఇప్పుడు జరుగుతున్న పనికి ఇంకో రూపం. ‘డిస్కస్ ఎబౌట్’ అని రాస్తాం. ‘దాని గురించి చర్చించాం’లోని ‘గురించి’ వెంటపడి వచ్చేసింది. ‘నెల్లూరుకి వెళ్లా’, ‘ఐదింటికి వెళ్లా’, ‘నాకు జ్వరం’. మూడు చోట్లా మనది ఒకటే ‘కి’ లేదా ‘కు’. ఇంగ్లీషులో మొదటిదానికి ‘టు’, రెండోదానికి ‘ఎట్’, మూడోదానికి అసలు ఏదీ లేదు, ‘హ్యావ్’ వస్తుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చెప్తే సరిపోయేదానికి ప్రిపొజిషన్ల పట్టిక మొత్తం బట్టీ పట్టమంటారు.

ఇక ‘ద’. తెలుగులో ఆర్టికల్స్ లేవు, అందుకే రావు అని వదిలేస్తారు. నిజమే, లేవు. కానీ ఆ తేడా మనకి బొత్తిగా తెలియనిది కాదు. ‘లైబ్రరీలో ఒక పుస్తకం తీసుకున్నా’ అంటాం. వారం తర్వాత ‘ఆ పుస్తకాన్ని ఇచ్చేశా’ అంటాం. మొదటిది వినేవాడికి తెలియని పుస్తకం, రెండోది ఇద్దరికీ తెలిసిన పుస్తకం. మొదటిదానికి ‘ఎ’, రెండోదానికి ‘ద’. ప్రతిచోటా ఈ సూత్రం అతకదు గానీ, మొదలుపెట్టడానికి ఇది చాలు. సెలవుల్లో మా వీధి పిల్లలకు ఇలా చెప్తే, రెండో రోజుకే వాళ్లు ‘అన్నా, వినేవాడికి తెలుసా తెలీదా?’ అని అడగడం మొదలుపెట్టారు. రూల్ నంబర్ గుర్తు పెట్టుకోవడం కన్నా ఆ ప్రశ్న అడగడం మేలు కదా.

మాటల సంగతి ఇంకా తమాషా. ఇంగ్లీషు మాటలు మనకి తక్కువేం కాదు, ఇంట్లో అమ్మమ్మ కూడా రోజుకి పాతిక వాడుతుంది. చిక్కల్లా వాటి అర్థం మన దగ్గరికి వచ్చాక పక్కకి జరిగింది. ‘వాడు ఫీలయ్యాడు’ అంటే మనకి బాధపడ్డాడని. ‘సార్, ఒక డౌట్’ అంటే ప్రశ్న ఉందని. ఇదే మాట పట్టుకుని విదేశీ క్లయింటుకి ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అని మెయిల్ పెడితే, నా మాట మీద వీడికి నమ్మకం లేదేమో అనుకునే ప్రమాదం ఉంది. వెయ్యి కొత్త సిననిమ్స్ కంటే ముందు, మన నోట్లో తిరుగుతున్న ఇలాంటి మాటలు ఒక వంద సరిచూసుకుంటే ఎక్కువ లాభం.

ప్యాసేజీలు మనం ఎలా చేస్తామో అందరికీ తెలుసు. ముందు ప్రశ్న, అందులో ఒక మాట పట్టుకుని ప్యాసేజీలో వెతుకులాట, దొరికిన లైనుకి టిక్కు. ‘రచయిత ఉద్దేశం ఏమిటి’ అని అడిగితే ఈ చిట్కా పనిచేయదు. అసలు అడ్డం వచ్చేది వాక్యం వరుసే. ‘ద వాటర్ పంప్డ్ ఇన్‌టు ద పాండ్ మస్ట్ బి టెస్టెడ్’ అన్న వాక్యం తీసుకోండి. ‘పంప్డ్’ దగ్గరికి రాగానే మనం దాన్నే అసలు క్రియ అనుకుంటాం, చివరికొచ్చేసరికి అర్థం చెదిరిపోతుంది. తెలుగులో ‘గుంటలోకి తోడిన నీళ్లను పరీక్షించాలి’. ఎలాంటి నీళ్లో మనం ముందే చెప్పేస్తాం. ఇంగ్లీషువాడు ముందు ‘నీళ్లు’ అని, ఎలాంటివో తర్వాత చెప్తాడు. పెద్ద వాక్యం వచ్చినప్పుడల్లా ‘అసలు క్రియ ఏది? ఈ ముక్క తెలుగులో ఏ మాటకి ముందు వస్తుంది?’ అని అడుగుతూ రోజుకి పది వాక్యాలు విప్పితే, అదీ రీడింగ్ కాంప్రహెన్షన్ ప్రాక్టీసు.

‘ఇదంతా అనువాదం. ఇంగ్లీషులోనే ఆలోచించాలి’ అనేవాళ్లు ఉన్నారు. ధారాళంగా మాట్లాడే దశకి అది నిజమే. కానీ మొదటి మెట్టు దగ్గర ఉన్నవాడిని ‘ఇంగ్లీషులో ఆలోచించు’ అంటే వాడు ఆలోచించడమే మానేస్తాడు, నోరు మూసుకుంటాడు. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడిలో నేనూ చదివాను. అక్కడ మాకు వచ్చింది ఇంగ్లీషు కాదు, మౌనం.

చరిత్ర కూడా ఇదే చెప్తోంది. కంపెనీ కాలంలో తెలుగు నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు ఇంగ్లీషువాళ్లు తమకి తాము ‘తెలుగు ఓన్లీ’ బోర్డు పెట్టుకోలేదు. 1816లో వచ్చిన క్యాంప్‌బెల్ వ్యాకరణం, 1840లో వచ్చిన బ్రౌన్ వ్యాకరణం రెండూ తెలుగు గురించి ఇంగ్లీషులో రాసినవే. తమ భాష మీద నిలబడి మన భాష నేర్చుకున్నారు. మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడైన వెన్నెలకంటి సుబ్బారావు, అర్థం తెలియకుండా వల్లె వేయించే చదువు గురించి 1820లోనే మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి రాశారు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న ఆత్మకథ 1873లో అచ్చయింది. ఆయన వద్దన్న వల్లె ఇప్పుడు బిట్ల రూపంలో మన ఫోన్లలోకి వచ్చింది.

మన రాష్ట్రంలో గొడవంతా మీడియం చుట్టూనే నడిచింది. 2019 నవంబరులో ఇంగ్లీషు మీడియం జీవో, 2020 ఏప్రిల్‌లో దాన్ని హైకోర్టు కొట్టేయడం, 2023లో బడి పిల్లలకు టోఫెల్ ఒప్పందం. ఏ మీడియం అన్నదాని మీద ఊరంతా వాదించింది. ఎలా చెప్పాలి అన్నది ఎవరికీ పట్టలేదు. ఆ మధ్యలో వచ్చిన మంచి పని, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు. రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. ఇక కావాల్సింది ఈ వాక్యం ఇక్కడ ఇలా ఎందుకు మారిందో చెప్పే నాలుగు లైన్లు.

ఆ నాలుగు లైన్లు రాయడానికి ఎవరి జీవో అక్కర్లేదు. తెలుగు వాక్యం రుచి తెలిసినవాళ్లు ఈ క్లబ్బులో ఉన్నారు, ఇంగ్లీషు దగ్గర ఆగిపోయేవాళ్లు ప్రతి బ్రాంచిలో ఉన్నారు. మీరు ఇంగ్లీషులో చెప్పబోయి ఆగిపోయిన తెలుగు వాక్యం ఒకటి క్లబ్బుకి పంపండి. వంద పోగయితే వాటిని వరసగా సర్ది, ఎక్కడ ఎందుకు తేడా వస్తోందో రాసి, వచ్చే ప్లేస్‌మెంట్ సీజన్ లోపు జూనియర్ల చేతిలో పెడదాం. ఆ పీడీఎఫ్ పక్కన ఇది కూడా తిరగనీ.